సూది వేయని డాక్టరు

సంతాపసభలో నేను మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే అది సంతాపసభగా మిగిలేది కాదు. వేదిక మీద ఆయన ఫోటోకు బంతిపూల దండ వేశారు. దాని పక్కన నిలబడి అందరికంటే ఎక్కువసేపు మాట్లాడినవాడు గిద్దలూరు బజారు డాక్టరు. "పిల్లల వైద్యం మాకు నేర్పిన గురువు" అన్నాడు. "ఆయన మా చేత పలక పట్టించకపోతే ఈ రోజు మేమెవరం ఇట్లా ఉండేవాళ్ళం కాదు" అన్నాడు. కండువాతో కళ్ళు కూడా ఒత్తుకున్నాడు పాపం. జనం చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లేమిటో నాకు తెలియదు. లేచి వచ్చేశాను. వెనక నుంచి ఎవరో "డాక్టరమ్మకు ఒంట్లో బాగాలేదేమో" అన్నారు. ఒంట్లో బాగానే ఉంది. ఒళ్ళు మండింది, అంతే.

ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. ఆయన ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు, ఏయే ఊళ్ళలో ఉద్యోగం చేశారు అన్నవి సభలో కాగితం చూసి చదివారు. సగం తప్పులే. అవి దిద్దే ఓపిక నాకు లేదు. నాకు తెలిసిన మనిషి ఆ కాగితంలో లేడు కాబట్టి రాస్తున్నాను.

నేను గిద్దలూరు సర్కారు ఆసుపత్రికి కొత్తగా వచ్చినప్పటికి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్ళిపోయి ఎక్కువ కాలం కాలేదు. మార్కాపురం, గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. కర్నూలు వాళ్ళకు మేం దూరం, గుంటూరు వాళ్ళకు పరాయి. పెద్ద డాక్టరన్నవాడెవడూ ఇటు తొంగిచూసేవాడు కాదు. ఆ రోజుల్లో నెలకో ఆదివారం మార్కాపురంలో వైశ్యుల సత్రం వసారాలో ఈ చుట్టుపక్కల డాక్టర్లందరినీ కూర్చోబెట్టి పిల్లల జబ్బుల గురించి పాఠం చెప్పే ముసలాయన ఒకరున్నారని విని, చూద్దామని రైలెక్కి వెళ్ళాను. ఆయన పాతకాలం ఎల్.ఎం.పి. అంటే ఎం.బి.బి.ఎస్. కంటే చిన్న పట్టా. మద్రాసులో చదివినవారు. సర్కారు ఉద్యోగం నుంచి రిటైరై మార్కాపురంలో స్థిరపడ్డారు. పోస్టులో వైద్యపత్రికలు తెప్పించుకుని, వేళ్ళకు ఎంగిలి తడి చేసుకుంటూ చివరి పేజీ దాకా చదివేవారు. ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్ళకు ఎల్.ఎం.పి. పాఠం చెప్పడమేమిటని వెనక గొణిగేవాళ్ళుండేవారు. ఆయన చెవిన పడితే ఒకటే మాట అనేవారు. "పట్టా పుచ్చుకున్న రోజున నీ చదువు ఆగింది. జబ్బు ఆగిందా?"

వసారాలోకి అడుగుపెట్టగానే నా చేతికి పలక, బలపం ఇచ్చారు. మార్కాపురంలో పలకలకు కొదవా? అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకలను ఫ్యాక్టరీవాళ్ళు ఆయనకు ఊరికే ఇచ్చేవారు. ప్రాక్టీసులో తలలు నెరిసిన పెద్దమనుషులు చాప మీద బాసీపట్లు వేసుకుని ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చుంటే నాకు నవ్వాగలేదు. ఆయన ఒక బిడ్డను వర్ణించేవారు. ఇన్ని నెలల బిడ్డ, నిన్నటి నుంచి ఇదీ కథ, ఏం చేస్తారు, రాయండి. పక్కవాడిది చూడకూడదు. అందరూ ఒక్కసారే పలక ఎత్తి చూపించాలి.

"నోటితో చెప్పమంటే పెద్దవాడు చెప్పిందే మిగతావాళ్ళూ చెప్తారు. పలక మీద ఎవడి తప్పు వాడిదే" అన్నారు నాతో, నేను అడగకముందే.

ఆ రోజు బిడ్డకు విరేచనాలు. కళ్ళు లోతుకు పోయాయి, నాలుక పిడచకట్టింది. పలకలన్నీ లేచాయి. దాదాపు అన్నింటి మీదా ఒకటే మందు. నోరు కట్టాలి, నీళ్ళు ఇవ్వకూడదు. లంఖణం పరమౌషధం అని ఊళ్ళో ముసలమ్మలు చెప్పేదే డాక్టర్లు కూడా రాశారు. ఆయన లేచి వెళ్ళి మూలనున్న మంచినీళ్ళ కుండ మీద మూత పెట్టి, దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. "పాఠం అయ్యేదాకా ఎవరికీ నీళ్ళు లేవు. కాఫీ కూడా లేదు" అన్నారు.

ఎండాకాలం. మార్కాపురం ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆయన పాఠం తాపీగా సాగించారు. మధ్యాహ్నమయ్యేసరికి డాక్టర్లు కండువాలతో విసురుకుంటూ కుండ వైపు చూడటం మొదలుపెట్టారు. చివరికి బజారు డాక్టరే, అప్పటికి చిన్నవాడు, నవ్వుతూ లేచాడు. "సార్, గుటక పడటం లేదు. ఒక్క గ్లాసు ఇప్పించండి" అన్నాడు. ఆయన పైనుంచి కిందిదాకా చూశారు.

"నీకు విరేచనాలు కూడా లేవు కదయ్యా" అన్నారు.

అప్పుడు మూత తీశారు. ఆ రోజు అక్కడ నీళ్ళు తాగినవాళ్ళెవరూ తర్వాత పసిబిడ్డ నోరు కట్టించి ఉండరనుకున్నాను. అంత అమాయకురాలిని అప్పుడు.

ఆయన మంచివాడని నేను చెప్పను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయన నోటికి ఏ ఊరూ మంచిది కాలేదు. బిడ్డను చూడాలంటే చెప్పులు విప్పి, నేల మీద తల్లి ఎదురుగా కూర్చునేవారు. స్టెతస్కోపు బిళ్ళను తన చొక్కాకు రుద్ది వెచ్చచేసేవారు. బిడ్డ గుడ్డలన్నీ విప్పించి ముందు చాలాసేపు ఊరికే చూసేవారు. అంతవరకూ బంగారం. ఆ తర్వాత నోరు తెరిచేవారు. "నిన్ననే ఎందుకు తీసుకురాలేదు? నువ్వు తాగుతున్నావు కదా నీళ్ళు, దీనికెందుకు పొయ్యలేదు?" అని తల్లి మీద పడేవారు. పొరుగూరి నుంచి ఎండలో నడిచి వచ్చిన తల్లి ఏడుపు మింగుకుని బిడ్డను చుట్టుకుని వెళ్ళిపోయేది. సూది వేయడు, తిడతాడు, నీళ్ళు తాపమంటాడు అని ఊరంతా చెప్పుకునేది. "అరవకుండా చెప్పలేరా సార్?" అని ఒకసారి అడిగాను. "అరిస్తేనే వినరు, మెల్లగా చెప్తే వింటారా?" అన్నారు. ఈ విషయంలో ఆయన మీద నాకు ఈ రోజుకీ కోపమే. ఆయన నాలుక మీద కాస్త బెల్లం ఉండి ఉంటే, ముందు చెప్పబోయే కథ వేరేగా నడిచేదేమో.

కానీ ఆయన అరుపు తల్లులతో ఆగేది కాదు. ఒక నెల ఎదిగే ఆడపిల్లల గురించి పాఠం పెట్టి, చెప్పమని నన్ను నిలబెట్టారు. పెద్దమనిషైన పిల్లలకు రక్తం తగ్గిపోవడం గురించి, వాళ్ళను మూలన కూర్చోబెట్టి సరిగా తిండి పెట్టకపోవడం గురించి నేను మొదలుపెట్టగానే వసారాలో దగ్గులు వినిపించాయి. ఒకాయన పైకప్పు చూశాడు. ఇంకొకాయన పక్కవాడి చెవిలో ఏదో అని ముసిముసిగా నవ్వాడు. ఆయన బలపం విసిరికొట్టారు. "మీ ఇళ్ళల్లో ఆడపిల్లలు లేరా? వాళ్ళకు పదమూడేళ్ళు రావా? నవ్వేవాళ్ళు బయటికి నడవండి" అన్నారు. ఎవరూ నడవలేదు, ఎవరూ నవ్వలేదు. నేను పాఠం పూర్తి చేశాను. కాన్పులకు తప్ప లేడీడాక్టరు నోరు విప్పనక్కర్లేదనుకునే రోజుల్లో నన్ను అలా నిలబెట్టినవారు ఇంకెవరూ లేరు.

ఇక బజారు డాక్టరు గురించి. గిద్దలూరు బజారువీధిలో అతని దుకాణం. దుకాణమనే అంటాను. వసారాలో అందరికీ కనబడేలా స్పిరిట్ స్టవ్ వెలుగుతూ ఉండేది. దాని మీద గిన్నెలో సూదులు ఎప్పుడూ మరుగుతూ ఉండేవి. సైన్‌బోర్డు చదవలేనివాళ్ళకు ఆ స్టవ్వే సైన్‌బోర్డు. వచ్చినవాళ్ళను "ఏం మామా, ఏం పెద్దమ్మా" అని నోరారా పలకరించేవాడు. తలనొప్పికీ సూదే, జ్వరానికీ సూదే, నీరసానికీ సూదే. బెంచీల మీద చోటుండేది కాదు.

ఒక వేసవిలో పసిపిల్లల్లో జ్వరాలు మొదలయ్యాయి. ఎక్కడో ఒక బిడ్డకు జ్వరం తగ్గాక కాలు పడిపోయిందని విన్నాం. తర్వాత ఇంకొక ఊళ్ళో ఇంకొక బిడ్డ. ఆ నెల ఆయన పాఠం అదే. జ్వరమొచ్చిన పసిబిడ్డకు తొడలోనో పిర్రలోనో సూది వేస్తే, ఆ జ్వరం పోలియోది అయిన పక్షంలో, సూది పడిన కాలే పడిపోయే ప్రమాదం ఎక్కువని చెప్పారు. "అన్నిసార్లూ కాదు. కానీ ఏది ఆ జ్వరమో మొదటిరోజు మనకెవరికీ తెలియదు. అందుకని ప్రాణం మీదికి వస్తే తప్ప, ఈ జ్వరాలు తగ్గేదాకా పసిబిడ్డలకు సూది వద్దు" అన్నారు.

"సూది వెయ్యకపోతే డాక్టరే కాదంటారు సార్" అన్నారెవరో.

"సూది బిడ్డ జబ్బుకా, నీ గొప్పకా?" అన్నారాయన.

పలకలు ఎత్తారు. అందరూ సూది వద్దు అనే రాశారు. బజారు డాక్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాడు. ఆయన ఆ పలకను చూసి తలూపారు. "ఇతనికి అర్థమైంది" అన్నారు. ఆయన నోటివెంట ఒకరిని మెచ్చుకున్న మాట నేను వినడం అదొక్కసారే.

తర్వాత ఎక్కువ రోజులు కాలేదు. రాచర్ల నుంచి గొర్రెలు కాసుకునే ఓబయ్య, భార్య పిచ్చమ్మ మూడేళ్ళ కూతురిని ఎత్తుకుని నా ఆసుపత్రికి వచ్చారు. బిడ్డ పేరు కొండమ్మ. ఒళ్ళు కాలిపోతోంది. చూశాను. గొంతు, ఛాతీ, చెవులు అన్నీ చూశాను. జ్వరం మాత్ర కొద్దిగా ఇచ్చి, కదిలించకుండా పడుకోబెట్టమని, నీళ్ళు తాపమని, తడిగుడ్డ వేయమని చెప్పాను. రేపు మళ్ళీ చూపించమన్నాను.

"సూది ఎయ్యవా అమ్మా?" అన్నాడు ఓబయ్య.

"సూది వద్దు ఓబయ్యా. ఈ జ్వరంలో సూది మంచిది కాదు."

"ఏందమ్మా ఇది. ఇంత దూరం మోసుకొచ్చినాం. నీళ్ళు తాపేదానికి డాక్టరెందుకు? మా ఇంట్లో లేవా నీళ్ళు?"

"సర్కారోళ్ళంతే. మందు దాచుకుంటారు" అంది పిచ్చమ్మ, నన్ను కాదన్నట్టు గోడ వైపు చూస్తూ.

నేను చెప్పగలిగినంత చెప్పాను. అరవలేదు. మెల్లగానే చెప్పాను. బిడ్డను భుజాన వేసుకుని వాళ్ళు గేటు దాటారు. ఇంటికి వెళ్ళే దారి కుడివైపు. వాళ్ళు ఎడమవైపు, బజారుకు తిరిగారు. తల్లి భుజం మీద జ్వరంతో చికాకుపడుతూ కొండమ్మ రెండు కాళ్ళూ ఆడిస్తోంది. ఆ పిల్ల రెండు కాళ్ళూ ఆడటం చూసిన ఆఖరి డాక్టర్లలో నేనొకదాన్ని. ఇంకొకడు బజారు డాక్టరు.

జ్వరం తగ్గాక ఓబయ్య మళ్ళీ వచ్చాడు. లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు. భుజం మీద కొండమ్మ. కుడికాలు గుడ్డపేలికలా వేలాడుతోంది.

"ముందే ఏసుంటే కాలు దక్కేదంటమ్మా. బజారు డాక్టరు చెప్పినాడు. నువ్వు ఆలస్యం చేసినందుకే సూది పని చెయ్యలేదంట. నీకేం అన్యాయం చేసినాం తల్లీ మేము?" అన్నాడు.

 అతను తిట్టి ఉంటే బాగుండేది. తల్లీ అన్నాడు.

మధ్యాహ్నం రైలు గార్డుతో మార్కాపురం కబురు పంపాను. మర్నాడు ఆయన దిగారు. కొండమ్మను ఆసుపత్రి నేల మీద పడుకోబెట్టించి, ఎదురుగా కూర్చుని, చేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకుని పిల్ల అరికాళ్ళు గీరారు. ఎడమకాలు వెనక్కి లాక్కుంది. కుడికాలు అలాగే ఉంది. సూది ఎక్కడ వేశారని అడిగితే పిచ్చమ్మ ఆ కాలి పిర్రే చూపించింది. ఆయన ఆ కాలు మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు.

"సామీ, ఆలస్యమైనందుకే పాయనా?" అన్నాడు ఓబయ్య.

"కాదు. ఆ సూది వల్లే పోయుండొచ్చు."

"పోయుండొచ్చా? అట్ల కాదు సామీ, గట్టిగా చెప్పు."

"గట్టిగా చెప్పలేను ఓబయ్యా. సూది వెయ్యకపోయినా పోయేదేమో. కానీ సూది వేస్తే పోయే ప్రమాదం ఎక్కువ. ఆలస్యం వల్ల మాత్రం కాదు."

ఓబయ్య ఆయన ముఖంలోకి జాలిగా చూశాడు. "అయితే నీకే సరిగ్గా తెలీదు గదా సామీ. ఆయన గట్టిగా చెప్పినాడు" అన్నాడు.

నిజం చెప్పేవాడికి ఉండొచ్చు, ఏమో అనే మాటలు తప్పవు. అబద్ధానికి ఆ బెడద లేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

ఆయన అటు నుంచి అటే బజారు డాక్టరు దగ్గరికి నడిచారు. వెంట నేనూ వెళ్ళాను. అతను గబగబా లేచి కుర్చీ చూపించి, "రండి గురువుగారూ" అని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఆయన కూర్చోలేదు.

"పాఠం మరిచిపోయావా?"

"మరిచిపోలేదు సార్." తల దించుకోలేదు కూడా. "నేను వెయ్యకపోతే ఎదురు సందులో కాంపౌండరు వేస్తాడు. ఎవడో ఒకడు వేసే సూది. మీకు పెన్షనుంది, ఈమెకు జీతముంది. నాకున్నది ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళే."

"సరే, వేశావు. ఆలస్యమైందని అబద్ధమెందుకు చెప్పావు?"

అతను తలుపు సందులోంచి బెంచీల వైపు చూశాడు.

"ఆ ఇంట్లో ఇంకో పిల్లాడున్నాడు, కొండమ్మ తమ్ముడు. రేపో మాపో వాడికీ జ్వరం తగులుతుంది. నీ మాట నమ్మి ఈసారి ఒళ్ళు వెచ్చబడగానే నీ దగ్గరికే పరుగెత్తుకొస్తారు. రాచర్లకు నాతో రా. సూది వల్ల కావచ్చని నీ నోటితో ఒక్క ముక్క చెప్పు. నేను చెప్తే నమ్మరు, నువ్వు చెప్తే నమ్ముతారు."

"చెప్తే రేపు నా గడప ఎవరు తొక్కుతారు సార్" అన్నాడు బజారు డాక్టరు. ఎంత మర్యాదగా అన్నాడో.

తెలియక చేసినవాడైతే క్షమించేదాన్ని. తెలియనివాళ్ళకు తెలియజెయ్యడానికే కదా ఆ వసారా, ఆ చాపలు, ఆ అరుపులు. వీడికి అందరికంటే బాగా తెలుసు. తెలిసినవాడికి ఏ పాఠం చెప్పాలో ఆయన పత్రికల్లో ఎక్కడా రాసి ఉండదు.

ఆ తర్వాత ఆయన రెండుమూడు రోజులకోసారి రాచర్ల వెళ్ళేవారు. కొండమ్మ కాలు వంకర తిరగకుండా చెక్కబద్దలు కట్టడం, వేడిగుడ్డ కాపడం పెట్టడం పిచ్చమ్మకు నేర్పాలని తిప్పలు పడేవారు. ఆమె ముఖం తిప్పుకునేది. అయినా వెళ్ళేవారు. ఒక ఉదయం ఆయనతో నేనూ వెళ్ళాను. గుమ్మంలోకి వెళ్ళేసరికి ఓబయ్య ఎద్దులబండి కట్టి ఉంది. పిచ్చమ్మ ఒళ్ళో చంటాడు, కొండమ్మ తమ్ముడు, అప్పుడప్పుడే నడక నేర్చినవాడు. ముట్టుకుంటే ఒళ్ళు వెచ్చగా ఉంది.

ఆయన ముఖం పాలిపోయింది. నేను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాను. "సార్, మనమే చర్మం కింద ఒక చుక్క ఉత్త నీళ్ళు పొడిచి సూది వేశామందాం. కండలోకి పోనివ్వం. బజారుకు పోకుండా ఆగుతారు."

"అబద్ధం సూది వేస్తే, డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది, జ్వరమొస్తే సూది పడాల్సిందేనని ఊరంతా అంటుంది. ఈ పిల్లాడొక్కడే కాదు కదమ్మా" అన్నారు. ఆయన చెప్పింది సరైనదే. సరైన మాట మీద అంత కోపం వచ్చిన రోజు నా జన్మలో ఇంకొకటి లేదు.

బండి కదిలింది. ఆయన ఎక్కి కూర్చున్నారు. పెద్దాయన్ని దిగమని ఎలా చెప్తాడు ఓబయ్య? నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఆయన బతిమాలారు. అరిచే మనిషి, బలపాలు విసిరే మనిషి, ఎద్దుల వెనక కుదుపుల్లో ఆ గొర్రెల కాపరి మోచెయ్యి పట్టుకుని బతిమాలారు.

"అయ్యా ఓబయ్యా, నాలుగు రోజులు ఆగు. జ్వరం దానంతటదే పోతుంది. నీ ఇంట్లోనే ఉండి చూసుకుంటా. నీ బిడ్డ నా బిడ్డనుకో."

"ఒక బిడ్డ కాలు పాయ. ఇంక ఆగేదేంది సామీ? నన్ను ఆపబాకు" అన్నాడు ఓబయ్య. అతనికీ కళ్ళు నీళ్ళు తిరిగాయి. కానీ బండి ఆపలేదు.

బజారు డాక్టరు వసారాలో బెంచీలు నిండి ఉన్నాయి. స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి. అతను పిల్లాణ్ణి చూశాడు, మమ్మల్ని చూశాడు, బెంచీల మీది జనాన్ని చూశాడు. ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి ఒక్కటే అన్నారు. "వద్దయ్యా."

అంతమంది ముందు మందు లేకుండా పంపితే ఏమవుతుందో లెక్క వేసుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. "మీరు పెద్దవారు సార్, కొంచెం పక్కకు నిలబడండి" అన్నాడు. సూది ఎక్కించాడు. పిల్లాడి కేక విని ఆయన గోడ వైపు తిరిగారు.

ఆయన మార్కాపురం వెళ్ళలేదు. మా ఆసుపత్రి వసారాలో బెంచీ మీదే పడుకుని, తెల్లవారగానే రాచర్ల వెళ్ళి, పిల్లాడి అరికాళ్ళు గీరి వచ్చేవారు. జ్వరం తగ్గింది. కాళ్ళు రెండూ వెనక్కి లాక్కుంటూనే ఉన్నాయి. వాడు లేచాడు, నడిచాడు, గొర్రెపిల్లల వెంట పడ్డాడు. ఏ ఉత్త జ్వరమో అది, వచ్చింది, పోయింది. లేదా అది పోలియో జ్వరమే అయినా వాడి అదృష్టం బాగుందో. ఎవరూ చెప్పలేరు.

ఓబయ్యకు మాత్రం అనుమానం లేదు. పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకుని బజారంతా తిప్పాడు. "టయానికి సూది పడింది కాబట్టి నా కొడుకు నిలబడినాడు. ఆలస్యమై నా కూతురు పడిపాయ" అని ప్రతి దుకాణం ముందూ చెప్పాడు. ఇద్దరు బిడ్డలూ కళ్ళముందు ఉంటే ఇంకేం రుజువు కావాలి ఊరికి? బజారు డాక్టరు వసారాలో కొత్త బెంచీలు పడ్డాయి. సూది వద్దని పలక మీద రాసిన మిగతావాళ్ళు కూడా స్టవ్‌లు వసారాల్లోకి తెచ్చుకున్నారు. ఆ వేసవిలో ఇంకా ఎందరి కాళ్ళు పోయాయో అడిగినవాడు లేడు. కొండమ్మ రాచర్లలోనే పెరిగింది, ఈ రోజుకీ కర్ర ఊతంతోనే నడుస్తుంది. తన కాలు ఎందుకు పోయిందంటే ఆమెకు తెలిసిన జవాబు ఒకటే. సర్కారు డాక్టరమ్మ సూది వెయ్యకుండా తిప్పి పంపింది. ఎదురుపడితే నాకు దణ్ణం పెడుతుంది కూడా. ఆ దణ్ణం తీసుకుని నేనేం చేసుకోను?

ఓబయ్య కొడుకును బజారంతా తిప్పాక వచ్చిన పాఠం ఆదివారం మార్కాపురం వెళ్ళాను. వెళ్ళింది పాఠం కోసం కాదు, ఆయన ముందు నా కడుపుమంట కక్కడానికి. వసారాలో చాపలు పరిచి ఉన్నాయి. ఒక్కరూ రాలేదు. ఆయన కాఫీ కూడా తెప్పించి పెట్టారు. అది చల్లారిపోయింది.

"చూశారా సార్. ఒక్కడూ రాలేదు. ఇక రారు కూడా. ఇన్నేళ్ళ మీ మాట ఆ సూదితో పోయింది. ఆ మనిషి గెలిచాడు. మీకు కోపం రావడం లేదా?" అన్నాను. నా గొంతు సత్రం వీధి దాకా వినిపించి ఉంటుంది.

ఆయన నా వైపు కొత్తమనిషిని చూసినట్టు చూశారు.

"మాట పోతే పోయింది. ఆ పిల్లాడి కాలు పోలేదు కదమ్మా" అన్నారు.

నిజంగానే ఆయన ముఖంలో సంతోషం ఉంది. నేను ఎంత వెతికినా ఆ ముఖంలో ఓడిపోయినవాడు కనబడలేదు. నాకు ఆ సంతోషం చేతకాలేదు, ఇప్పటికీ చేతకావడం లేదు. నిలబడే ఉన్నాను.

"కూర్చో. ఈ నెల తట్టు" అన్నారు. నేను చాప మీద కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకుని, ఖాళీ వసారా మొత్తాన్నీ కలియజూసి, అందరూ వచ్చిన రోజుల్లో ఎంత గట్టిగా అరిచేవారో అంత గట్టిగా మొదలుపెట్టారు. "రెండేళ్ళ బిడ్డ. నాలుగు రోజులుగా జ్వరం. ఒళ్ళంతా ఎర్రగా పేలింది. అమ్మవారని ఇంట్లోనే దాచిపెట్టారు. ఏం చేస్తారు, రాయండి."